అరిచే పని ఆమెది

మా ఇద్దరి మధ్య పనుల పంపకం చిన్న వయసులోనే జరిగిపోయింది. అరిచే పని ఆమెది. ఆ తర్వాత బుజ్జగించే పని నాది. ఇది మేం కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు కాదు. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టలు సాంబారు చేసిన ఏర్పాటు.

ఆ సాంబారులో పురుగులు రావడం కొత్త కాదు. వాటిని పళ్లెం అంచుకు జరిపి, ముఖం అటు తిప్పుకుని తినడం అందరికీ అలవాటే. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం, నా ఎదురుగా కూర్చున్న, ఐరాల అనే ఊరి పిల్ల పళ్లెం పట్టుకుని లేచి నిలబడి వార్డెనును పిలిచింది. పిలిచింది అంటే సరిపోదు. వార్డెను ఆ వేళప్పుడు మేడ మీద తలుపేసుకుని కునుకు తీస్తోంది. ఎక్కడో నిప్పంటుకుందనుకుని, జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఇది మీరు తినండి మేడం, మేం సూస్తాం," అంది ఐరాల పిల్ల.

వార్డెను ముఖం కందగడ్డ అయింది. పెట్టె సర్దుకుని ఇప్పుడే ఇంటికి పొమ్మంది. అప్పుడు నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. "మేడం, ఆ అమ్మాయి అనేది ఏమంటే, మీరు ఇంత కష్టపడి నడిపే హాస్టలుకు ఆ వంటాయన చెడ్డపేరు తెస్తా ఉండాడని," అన్నాను. ఆ అమ్మాయి అలా అనలేదని అక్కడున్న గోడలకు కూడా తెలుసు. కానీ వార్డెనుకు మెట్టు దిగడానికి ఒక దారి దొరికింది. ఆ అమ్మాయి పెట్టె సర్దుకోలేదు. వంటాయన మారాడు. కొత్తాయన సాంబారు ఇంకా నీళ్లగా ఉండేది కానీ, అందులో ప్రాణులు ఉండేవి కావు.

సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. "నువ్వు బలే అబద్ధాలాడతావే," అంది మెచ్చుకోలుగా. "నువ్వు బలే అరస్తావు," అన్నాను నేను. అదే మా పరిచయం. ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటాయి.

ఆమె గొంతుకు ఒక చరిత్ర ఉంది. వాళ్ల నాయన ఐరాల పక్కన మామిడితోటలకు కాపలా ఉండేవాడు. కాయ ముదిరే రోజుల్లో చిలకల్నీ కోతుల్నీ తోలడం పిల్లల పని. మిగతా పిల్లలు రేకు డబ్బాలు వాయించేవాళ్లు. ఈమెకు డబ్బాతో పని లేదు. ఈమె తోట ఈ కొసన ఒక అరుపు అరిస్తే ఆ కొసన కోతులు దిగి, గట్టు దాటి, పక్కవాళ్ల తోటలోకి పోయేవట. పక్కతోట ఆసామి ఈమె నాయన మీదకు తగాదాకు వచ్చేవాడట. వాళ్లది క్రైస్తవ కుటుంబం. చర్చిలో పాడే పిల్లల్లో మొదట ముందు వరసలో నిలబెట్టిన పాస్టరుగారు, తర్వాత వెనక వరసలోకి, ఆ తర్వాత తలుపు దగ్గరికి జరిపి, చివరకు "నువ్వు బయట చెప్పులు చూసుకో తల్లీ, అదీ దేవుడి పనే," అన్నాడట. చెప్పుల దగ్గర నిలబడి పాడినా లోపల ఈమె గొంతే వినబడేదని వాళ్లమ్మ నాతో గొప్పగా చెప్పేది.

నాది అంగట్లో పెరిగిన గొంతు. మా నాయనకు చిత్తూరు బజారులో కిరాణా అంగడి. కొనేవాళ్ల ముందు గొంతు పెంచితే అంగడి మూసుకోవాల్సిందేనని ఆయన నమ్మకం. "బెల్లం తడిగా ఉండాదే," అని ఎవరన్నా కసిరితే, "మంచి మాట చెప్పినావమ్మా, తడి బెల్లానికే పాకం బాగా వస్తాది," అనేవాడు. ఆ గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగినదాన్ని నేను. నాకు కోపం రాదని కాదు. విపరీతంగా వస్తుంది. కడుపులో బయల్దేరినప్పుడు అది బ్రహ్మాండంగానే ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి "అట్లనా, సరే" అయిపోతుంది.

పెళ్లిళ్లు అయ్యాక ఇద్దరం చిత్తూరులోనే తేలాం. ఆమె ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. పోస్టాఫీసు కౌంటరులో నవ్వుతూ మాట్లాడే మనిషి ఉందని నన్ను చూడడానికి జనం వచ్చేవాళ్లని ఆమె అందరికీ చెప్పేది. మేం చేసినవి ఘనకార్యాలేమీ కావు. వీధి కొళాయి, రేషను షాపు, బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, మా పేట మొగదల వెలిసిన సారా కొట్టు, ఇట్లాంటివే. ఎవరన్నా "మీ సంఘసేవ" అంటే ఆమెకు ఒళ్లు మండేది. "సేవ యాడిది? మన వీదిలో నీళ్లు రాకపోతే మనం అడగతా ఉండాం. నోరుండేది అడగడానికే గదా," అనేది.

మా పద్ధతి ఒకటుండేది. ఐరాల దారిలో ఒక చోట గంపలతో ఆడవాళ్లు నిలబడితే బస్సులు ఆగేవి కావు. ఆమె పోయి రోడ్డు నడిమధ్య నిలబడింది. బస్సు ఆగక తప్పలేదు. ఆమె డ్రైవరు కిటికీ కింద నిలబడి, వాళ్ల అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ అమ్మ గంప మోసి వీణ్ణి పెంచి ఉంటే ఏ బస్సు ఆగి ఉండేదో అడగడం మొదలుపెట్టింది. నేను వెనక తలుపు నుంచి ఎక్కి కండక్టరు పక్కన కూర్చుని, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు, ఎండకు తలనొప్పి వస్తుందా అని విచారించాను. మరుసటి రోజు నుంచి బస్సు ఆగింది. అరుపుకు ఆగిందా, తలనొప్పికి ఆగిందా అని మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం.

ఎప్పుడూ అంతే. ఆమె పెద్దమనిషి ముఖంలోకి చూసి అరుస్తుంది. నేను ఆయన్ని చూడనే చూడను. పక్కన నిలబడ్డ గుమాస్తాను చూసి పెట్టుకుంటాను. అరుపులన్నీ అయిపోయాక పని చేసిపెట్టేది ఆ గుమాస్తానే కాబట్టి. ఇక చాలు అనిపించినప్పుడు వెనక నుంచి ఆమె కొంగు లాగుతాను. కొంగు లాగితే ఆపాలి, అది ఒప్పందం. ఆమె ఒక్కనాడూ మొదటి లాగుడుకు ఆపిన పాపాన పోలేదు. లాగేకొద్దీ ఊపు ఎక్కువయ్యేది. బయటికొచ్చాక నేను గొణిగితే, "నువ్వు లాగితే, యెనక ఉండావని తెలస్తాది మే. ఇంకా దైర్యం వస్తాది," అనేది.

పోయినేడు మామిడి పూతకు వచ్చిన రోజుల్లో ఆ గొంతు బొంగురుపోయింది.

మొదట దుమ్ము అన్నాం. తర్వాత మంచు అన్నాం. మిరియాల కషాయం, తాటి కలకండ, ఉప్పునీళ్ల పుక్కిలింత, అన్నీ అయ్యాయి. చర్చిలో ఆమె కోసం ప్రార్థన పెట్టించారు. నేను కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నాను. "రెండు పక్కలా చెప్పి పెట్టినాం గదా, ఎవురు కాళీగా ఉంటే వాళ్లు సూసుకుంటార్లే," అంది ఆమె, పిల్లిగొంతుతో. ఎవరూ ఖాళీగా ఉన్నట్టు లేదు. పిందె పడే నాటికి మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. తిరుపతికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. సన్న గొట్టం లోపలికి పంపి, గొంతు లోపలంతా టీవీలో చూపించింది. మాట పుట్టే చోట ఒక చిన్న గడ్డ. "మీరు ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది.

"కుట్టుమిషను."

"అరుపులు డాక్టరమ్మా," అన్నాను నేను.

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు పుట్టక ముందు నుంచి."

ఆ పిల్ల నవ్వి, తర్వాత నవ్వడం ఆపి, సంగతి చెప్పింది. గడ్డ తీసేయాలి. అది ఎట్లాంటిదో పరీక్షకు పంపాలి. తీసిన తర్వాత తను చెప్పేంతవరకూ ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు. "గొంతు మళ్లీ ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేనమ్మా. కొందరికి వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు," అంది.

బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆమె చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసింది.

"గడ్డ చెడ్డదైతే పోతాను. దానికి బయం లేదు," అంది. "గొంతు పోయి నేను మిగిలితే ఎట్ల మే? అప్పుడు నేనెవరు?"

మెల్లగానే అన్నానని అనుకుంది. బొంగురుపోయిన గొంతే అయినా వరండా వరండా అంతా తిరిగి చూసింది. వార్డెన్లనూ, తాసిల్దార్లనూ, సారా కొట్టు వాడినీ కూడా బుజ్జగించిన నోరు నాది. ఆమెను బుజ్జగించే మాట మాత్రం ఒక్కటీ దొరకలేదు. నాకు నిజంగా భయమేసింది. ఆమె చేయి పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయే ముందు అడిగాను, "ఏమన్నా చెప్పాల్నంటే ఇప్పుడే చెప్పు," అని. పిల్లల గురించో, దేవుడి గురించో, కనీసం నా గురించో ఒక మాట అంటుందనుకున్నాను. ఆమె చాలా ఆలోచించింది. "ఆ కిటికీ పక్క మంచం ఆయమ్మకు దుప్పటి మార్సలేదు మే. నువ్వు నవ్వతా అడిగితే మార్సరు. గట్టిగా అడుగు," అంది. ఆ గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే.

గడ్డ మంచిదేనని పరీక్షలో తేలింది. ఆ రోజు ఇద్దరం లడ్డూలు తిన్నాం. ఇక మిగిలింది గొంతు ఒక్కటే.

ఆమె మౌనం ఎంత చప్పుడుగా ఉంటుందో ఆ రోజుల్లో చూశాను. మనవరాలి పలక ఒకటి తాడు కట్టి మెడలో వేసుకుంది. బలపం కొంగుముడిలో. మామూలు మాటలు మామూలు అక్షరాల్లో రాసేది. కోపం వస్తే అక్షరాలు పెద్దవయ్యేవి. బాగా కోపం వస్తే పలకలో ఒకే అక్షరం పట్టేది. దాన్ని పట్టుకుని మనిషి ముఖం ముందు ఆడించేది. పైగా చిన్నప్పుడు మానేసిన బలపాలు తినే అలవాటు మళ్లీ మొదలైంది. మాట రాస్తూ రాస్తూ మధ్యలో కొస కొరికేసేది. వాళ్లాయన మా ఇంటికొచ్చి, "ఇంట్లో ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకి నిద్ర పట్టడంలేదమ్మా," అని కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

సరిగ్గా అప్పుడే మామిడి కాయ దిగింది. బంగారుపాళ్యం దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఆఫీసు వాళ్లకు ఒకటుంది, దానికి తాళం. ఆడవాళ్లు హైవే దాటి అవతల తోపులోకి పోవాలి. "పొద్దున్నే ఇంట్లో నీళ్లు తాక్కుండా వస్తామక్కా. అప్పుడు అవసరం పడదు," అని ఒకామె మాకు చెప్పింది. రోడ్డు దాటుతూ ఇంకొకామె లారీ కింద పడబోయి తప్పించుకుంది. గొంతు పూర్తిగా పోకముందు మా ఆమె ఒక్కసారి పోయి మేనేజరుతో మాట్లాడి వచ్చింది. ఆ రోజు నేను శ్రీకాళహస్తిలో చుట్టాల పెళ్లిలో ఉన్నాను. "సీజన్ మొదలైనాక రండి, చూద్దాం," అన్నాడట ఆయన. సీజన్ మొదలైంది.

"ఆగుదాం మే, నీకు గొంతు వచ్చినాక పోదాం," అన్నాను.

ఆమె పలక మీద రాసింది: "వాళ్లకు ఒంటికి ఆగదు." దాని కింద ఇంకా పెద్దగా: "ఈసారి నువ్వు అరవాల."

మరుసటి రోజు నుంచి వాళ్ల మిద్దె మీద నాకు పాఠాలు. "కడుపులోంచి," అని రాసి చూపించేది. నేను ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని, "ఏమప్పా, మీకు కండ్లు కనబడవా?" అని అరిచేదాన్ని. మొదటి రోజు పక్కింటామె గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. మజ్జిగ అమ్మేవాళ్లు పిలిచారనుకుందట. మూడు నాలుగు రోజులకు కాస్త మెరుగుపడి, కింది వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూశారు. ఇంట్లో వంట చేస్తూ సాధన చేస్తుంటే మా ఆయన పరుగెత్తుకొచ్చి గ్యాసు ఆపేశాడు.

ఫ్యాక్టరీకి పోయిన రోజు తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా బారుతీరి ఉన్నాయి. పులిసిన మామిడి వాసన, ఈగలు, ఎండ. మమ్మల్ని చూసి ఆడవాళ్లు కత్తులు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆమె మెడలో పలక చూసి, సంగతి తెలిసి, డీలా పడ్డారు.

"మరి ఎవరక్కా మాట్లాడేది?"

ఆమె నా వైపు చూపించింది.

"ఈయక్కా?" అంది ఒకామె, నన్ను పైనుంచి కిందికి చూసి. "ఈయక్క సానా మంచిది గదా!" నాకేదో మొండి రోగం ఉన్నట్టు అందరూ జాలిగా తలలూపారు.

మేనేజరు గదిలో ఇద్దరు మగవాళ్లున్నారు. బల్ల వెనక పెద్ద కుర్చీలో తెల్లచొక్కా వేసుకున్న లావుపాటి ఆయన. పక్కన కాగితాలు పట్టుకుని నిలబడి, చెమట తుడుచుకుంటున్న సన్నటి ఆయన. అలవాటు ప్రకారం నా కళ్లు ముందు సన్నటాయన మీదకే పోయాయి. పాపం గుమాస్తా, రేపు పనిచేసి పెట్టేది ఈయనే అనుకుని, ఆయన వైపు చూసి ఒక మంచి నవ్వు నవ్వాను. తర్వాత కుర్చీ వైపు తిరిగి, కడుపులోకి ఊపిరి పీల్చుకున్నాను.

"ఏమప్పా, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా? పొద్దున్నుంచి నీళ్లు తాక్కుండా పని చేస్తా ఉండారే వీళ్లు, మీకు కండ్లు కనబడవా? ఆ రోడ్డు దాటి తోపులోకి పోవాల్నా? లారీ కింద పడితే ఎవరు జవాబు చెప్పేది? దయచేసి చెప్పండి!"

నా చెవులకే గుయ్యిమంది. తెల్లచొక్కా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి నా కొంగును ఎవరో లాగారు.

ఆమే. అబ్బ, ఎంత ధైర్యం వచ్చిందో! ఆమె చెప్పింది నిజమే, వెనక మనిషి ఉందని తెలిస్తే అది వేరే సంగతి. ఇన్నేళ్లూ ఆమెను చూసి నేర్చుకున్న ప్రకారమే నేను గొంతు పెంచాను. "ఒక్క దినం, ఒకే ఒక్క దినం, చెంబు నిండా నీళ్లు తాగి, సాయంత్రం దాకా లెయ్యకుండా ఆ కుర్చీలో కూర్చో సూస్తాం!" కొంగు మళ్లీ లాగింది. ఇంకా పెంచాను. మూడోసారి లాగిన లాగుడుకు భుజం మీద పిన్ను ఊడి చేతికి వచ్చింది. అయినా ఆగలేదు. చివరకు ఆమె నన్ను తోసుకుంటూ ముందుకొచ్చి పలక నా ముక్కు దగ్గర పెట్టింది. "మేనేజరు వాడు," అని రాసి ఉంది. పక్కన ఒక బాణం గుర్తు. అది చెమట తుడుచుకుంటున్న సన్నటాయన్ని చూపిస్తోంది. నేను మంచి నవ్వు నవ్వింది ఆయన్ని చూసి.

తెల్లచొక్కా ఆయన అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. "నేను గుజ్జు కొనడానికి వచ్చినవాణ్ణి అమ్మా, మద్రాసు నుంచి," అన్నాడు అరవ యాసలో, భయంభయంగా. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నోటిదాకా "అట్లనా, సరే" వచ్చేసింది కూడా. అంతలో ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "పండు కోసేవాళ్లకి బాత్రూం లేదా? అయితే చెయ్యి ఎక్కడ కడుగుతారు?"

"ఉంది సార్, ఉంది," అన్నాడు మేనేజరు.

"చూపించండి."

అందరం కదిలాం. ముందు ఆయన, వెనక మేనేజరు, ఆ వెనక మేం, మా వెనక చేతులకు మామిడి రసంతో ఆడవాళ్లందరూ. తాళం దగ్గర ఊరేగింపు ఆగింది. మేనేజరు ఈ జేబు వెతికాడు, ఆ జేబు వెతికాడు, ఆఫీసులోకి పోయి సొరుగులన్నీ లాగాడు. తాళంచెవి అకౌంటెంటు జేబులో చిత్తూరుకు భోజనానికి పోయిందని తేలింది. తెల్లచొక్కా ఆయన ఆ తాళాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి, వదిలేసి, చేయి రుమాలుతో తుడుచుకున్నాడు. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇక బుజ్జగించేవాళ్లు కావాలి. నా పని నేను చేద్దామంటే, ఇంతసేపు అరిచిన మనిషి బుజ్జగిస్తే ఎవరు నమ్ముతారు? అప్పుడు ఆమె ముందుకు వెళ్లింది. ఎక్కడి నుంచో గ్లాసుతో నీళ్లు తెచ్చి మేనేజరు చేతిలో పెట్టింది. భుజం తట్టింది. ఆయన నీళ్లు తాగేదాకా ఆగి, పలక మీద రాసి చూపించింది: "నువ్వు మంచోడివి నాయనా." కొంగుతో తుడిచి, మళ్లీ రాసింది: "కట్టించేటప్పుడు నీళ్ల ట్యాంకు మర్సిపోవద్దు." ఆ రాత ముందు ఆయన చేతులు జోడించాడు. ఆమె ముఖంలో అంత మెత్తదనం ఎక్కడ దాచిపెట్టుకుందో నాకు తెలియదు. కాయల సీజన్ సగం కాకముందే లోపల గొళ్లెం, నీళ్లు, అన్నీ ఉన్న మరుగుదొడ్లు వచ్చాయి. ట్యాంకు కూడా వచ్చింది. ఆ మేనేజరు ఇప్పటికీ నేను కనబడితే పక్కకు తప్పుకుంటాడు, ఆమెకు మాత్రం నమస్కారం పెడతాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె రాసింది: "దయచేసి అన్నావు."

"ఎప్పుడు?"

"అరిసేటప్పుడు. దయచేసి అని ఎవురరుస్తారే?" అని రాసి నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నేనూ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. ఆమె నవ్వితే మా వీధి చివరిదాకా తెలిసేది. పక్కనే కూర్చున్న నాకు ఇప్పుడు ఏమీ వినబడలేదు. ఇది ఇట్లాగే ఉండిపోతే? ఆ ఆలోచన రాగానే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ నోరు తెరవడానికి అనుమతి ఇచ్చే రోజు వచ్చింది. కూతురూ అల్లుడూ తిరుపతికి తీసుకుపోయారు. నేనూ వస్తానంటే, ఆమె రాసింది: "నువ్వు వద్దు. నీ మొగం సూస్తే నాకి ఏడుపొస్తాది." సరేనని ఇంట్లోనే ఉండిపోయాను.

ఉండిపోయానే గానీ ఏ పనీ సాగలేదు. పొద్దున్నుంచి ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మోగినప్పుడల్లా మొదటి గంటకే ఎత్తేదాన్ని. తీరా చూస్తే ఎవరో సన్నగొంతు ఆడపిల్ల, లోను కావాలా మేడం అని. మళ్లీ ఇంకో సన్నగొంతు, కార్డు కావాలా మేడం అని. మధ్యాహ్నం దాటింది. ఆమె దగ్గర నుంచి ఏమీ లేదు. బస్సు ఎక్కినా ఎక్కి ఉంటారు, గొంతు రాలేదేమో, అందుకే కూతురు కూడా చెయ్యలేదేమో అని నాకు నేనే అన్నీ అనుకుంటున్నాను. అప్పుడు తెలియని నెంబరు నుంచి మళ్లీ మోగింది.

"హలో," అంది ఒక సన్నటి గొంతు. "నేను..."

ఇక పట్టలేకపోయాను. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? వద్దంటే అర్థం కాదా? ఇక్కడ ఒక మనిషి కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోనుంటే, లోనంట, కార్డంట! ఫోను పెడతావా, వచ్చి పగలగొట్టాల్నా? మీ ఆఫీసు యాడుందో చెప్పు, ఇప్పుడే వస్తా!" వంటింట్లో గిన్నెలు మోగాయి. మా ఆయన గడప దాకా వచ్చి, నా ముఖం చూసి, వెనక్కి పోయాడు. అంత అరుపు ఫ్యాక్టరీలో కూడా అరవలేదు.

అటువైపు నుంచి ఏమీ లేదు. పెట్టేసిందనుకున్నాను. అప్పుడు ఆ సన్నగొంతు మెల్లగా అంది, "బాగా నేర్సుకున్నావే."

నేను నేల మీద కూలబడ్డాను.

"మే, నువ్వా?"

ఏదో అంది. వినబడలేదు. లేచి ఫ్యాను ఆపాను. వీధి వైపు కిటికీ మూశాను. ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాను.

"నేనే. అల్లుడి ఫోను. ఇంతేనంట మే," అంది. "ఇంతకన్నా పెద్దగా రాదంట. ఇంక అరవకూడదంట."

నలభై ఏళ్లు విన్న గొంతు. అది ఆమెదని నేను పోల్చుకోలేదు. ఎవరో లోను పిల్ల అనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇది ఆమె గొంతు అని ఇకనుంచి కొత్తగా నేర్చుకోవాలి. ఏదైనా ఒక మంచి మాట చెప్పాలని నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, వెక్కిళ్లు పెట్టి ఏడ్చాను.

ఆమె ఏడుపు ఆపమనలేదు. ఎందుకేడుస్తున్నావనీ అడగలేదు.

"ఏడువులే మే," అంది, ఆ చిన్న గొంతుతోనే. "నాకి అరిసే పని లేదు గదా ఇంక. ఎంత సేపైనా వింటా."